హాస్టల్ గదిలో వ్యాపారం: వరంగల్ విద్యార్థులకు మొదటి రూపాయి నుంచి చివరి లెక్క దాకా

ముందు నా సంగతి చెప్తాను, తర్వాత మీ సంగతికి వద్దాం. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మేం ముగ్గురం కలిసి సకినాల వ్యాపారం పెట్టాం. మా ఊరు పరకాల దగ్గర. అక్కడ మా పెద్దమ్మ, ఆమెతో పాటు ఇంకో నలుగురు ఆడవాళ్లు సకినాలు చుడతారు. సరుకు బస్సు పార్శిల్‌లో హనుమకొండ వస్తుంది. మేం రాత్రి పది దాటాక గదిలో కూర్చుని పావుకిలో ప్యాకెట్లు కట్టి, నయీంనగర్, కిషన్‌పుర హాస్టళ్లలో అమ్మేవాళ్లం. సంక్రాంతికి ఇంట్లో తినే సకినాలు ఆగస్టులో హాస్టల్‌లో దొరికితే ఎవరు కాదంటారు? గిరాకీ మొదటి రోజు నుంచే ఉంది. అయినా మొదటి సెమిస్టర్ అయ్యేసరికి జేబుకు చిల్లు పడింది. ఎక్కడ పడిందో సెమిస్టర్ చివర కూర్చుని లెక్క వేస్తే గానీ తెలియలేదు.

కాలేజీలో ఉండగా వ్యాపారం పెట్టేవాళ్లను ముంచేది ఐడియా బాగోలేకపోవడం కాదని నా నమ్మకం. లెక్క రాయకపోవడం, స్నేహితుల దగ్గర మొహమాటం, కాలేజీ క్యాలెండర్ చూసుకోకపోవడం, ఈ మూడే ముంచుతాయి. కింద రాసింది చాలావరకు వాటి గురించే. ప్రభుత్వ కాగితాల సంగతి కూడా ఉంది, కానీ చాలామంది అనుకున్నట్టు అది మొదటి మెట్టు కాదు.

1. ముందు నడవండి

ఐడియా కోసం గదిలో కూర్చుని ఫోన్ చూడకండి. ఒక వారం సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా కేయూసీ క్రాస్‌రోడ్డు, నయీంనగర్, హంటర్ రోడ్డు, కాజీపేట వైపు నడవండి. చేతిలో చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. విద్యార్థులు దేనికి డబ్బు తీస్తున్నారో రాయండి. వాళ్లు ఏం కావాలంటున్నారో కాదు, నిజంగా జేబులోంచి తీస్తున్నది దేనికో చూడండి. జిరాక్స్, స్పైరల్ బైండింగ్, సెమిస్టర్ మొదట్లో ఏప్రాన్లు, డ్రాఫ్టర్లు, పాత పుస్తకాలు, గది మారేటప్పుడు ఆటో, రాత్రి పదకొండుకు ఏదో ఒక తిండి. ఈ ఖర్చులు ప్రతి ఏడాదీ ఉంటాయి, కొత్త బ్యాచ్ వచ్చినప్పుడల్లా మళ్లీ మొదలవుతాయి.

నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన ఫణీంద్ర సామ, రెడ్‌బస్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. బెంగళూరులో ఉద్యోగం చేస్తూ దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరకక తిరిగిన అనుభవం నుంచి 2006లో ఆ కంపెనీ పుట్టింది. ఈ కథ అందరికీ తెలుసు. అందరూ వదిలేసే ముక్క ఒకటుంది: టికెట్ దొరకలేదని ఊరుకోకుండా అసలు టికెట్లు ఎలా అమ్ముతారో తెలుసుకోవడానికి ట్రావెల్స్ వాళ్ల చుట్టూ తిరిగారు. మీరు కూడా మొదట తిరగాల్సింది అలాంటి వాళ్ల చుట్టే. ఏప్రాన్లు అమ్మాలనుకుంటే అవి కుట్టే దర్జీ దగ్గర ఒక పూట కూర్చోండి.

ఇక్కడి సరుకుతో ఏదైనా చేయాలని చాలామందికి ఉంటుంది. మంచిదే. వరంగల్ కొత్తవాడలో నేసే డర్రీలకు (తివాచీలకు) 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది, చపాటా మిర్చికి 2025లో వచ్చింది. పెంబర్తి ఇత్తడి, చేర్యాల బొమ్మలు, కరీంనగర్ వెండి ఫిలిగ్రీ సరేసరి. కానీ ఒక మాట. ఆన్‌లైన్‌లో ఫొటో పెట్టి, ఆర్డర్ వచ్చాక కొత్తవాడకు పరిగెత్తితే మీరు అక్కడి నేతన్నకు ఇంకో దళారీ అంతే. ఆయనకు ఏం తక్కువైందో అడగండి. కొలతలు, రంగులు, వాడే తీరు చెప్పే మంచి ఫొటోలా? చిన్న సైజు ఆర్డర్లా? అది మీరు చేయగలిగితే మీకు చోటుంది.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో ఒక్కసారైనా తెల్లవారుజామున వెళ్లండి, వ్యాపారం ఏదైనా సరే. రైతులు రాత్రే బస్తాలు దింపుకుని వాటి మీదే పడుకుంటారు. పొద్దున జెండా పాటలో, అంటే మార్కెట్ వేలంలో, ఆ రోజు ధర తేలుతుంది. కానీ జెండా పాట ధర అందరికీ రాదు. తేమ, రంగు, తాలు చూసి బస్తా బస్తాకూ ధర మారుతుంది. ధర అంటే ఏమిటో ఎంబీఏ పుస్తకం కన్నా అక్కడ గంటసేపు నిలబడితే బాగా తెలుస్తుంది.

2. అభిప్రాయం అడగొద్దు, అడ్వాన్స్ అడగండి

"సకినాలు తెస్తే కొంటారా?" అని మేం అరవై మందిని అడిగాం. అందరూ "తీస్కరా అన్నా, మస్తుంటది" అన్నారు. మొదటి సరుకు వచ్చిన రోజు కొన్నది పద్నాలుగు మంది. మిగతావాళ్లు అబద్ధం చెప్పలేదు. మొహమాటానికి మంచి మాట చెప్పారు, మన దగ్గర అంతే కదా.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా నేను ఒకటే చెప్తాను. సరుకు తేకముందే పది మంది దగ్గర యాభై రూపాయల చొప్పున అడ్వాన్స్ తీసుకోండి. పది మంది ఇవ్వకపోతే ఆ సరుకు తేవద్దు. డబ్బు తీసుకున్నాక ఇస్తానన్న రోజు ఇవ్వండి, ఇవ్వలేకపోతే అడగకముందే తిరిగి పంపండి. తిరిగి పంపిన యాభై రూపాయలు మీకు తెచ్చే పేరు ఏ ఇన్‌స్టాగ్రామ్ పేజీ తేలేదు.

వెబ్‌సైట్లు, పోస్టర్లు, వీడియో ఎడిటింగ్ లాంటి పనులు చేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. నా స్నేహితుడు హనుమకొండలో ఒక బట్టల షాపుకు వెబ్‌సైట్ చేశాడు. ఎనిమిది వేలు అని నోటిమాట. "తమ్మీ, గా రంగు జర మార్చు" అంటూ సేఠ్ పదకొండు సార్లు మార్పించాడు. చివరికి మూడు వేలిచ్చి, మిగతాది దసరా తర్వాత అన్నాడు. ఎన్ని దసరాలు పోయాయో లెక్కలేదు. సగం ముందు తీసుకోవాలి. ఎన్ని పేజీలు, ఎన్నిసార్లు మార్పులు, ఏ తేదీకి అనేది నాలుగు లైన్లలో రాసి వాట్సాప్‌లో పెట్టి "ఓకే" అనిపించుకోవాలి. మూడో మార్పు దాటితే అదనం అని ముందే చెప్పాలి. చెప్తే కోపం వస్తుందేమో అన్న టెన్షన్ ఒక్క నిమిషమే ఉంటుంది.

పక్కవాళ్ల రికార్డులు రాసివ్వడం, రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మడం కూడా వ్యాపారమే అనేవాళ్లుంటారు. డబ్బులొస్తాయి, నిజమే. దొరికితే మీ సర్టిఫికెట్ మీదికి వస్తుంది. నాకది నచ్చదు, అంతకుమించి చెప్పను.

3. ఎంత పోగొట్టుకోగలరో ముందే రాయండి

మేం తలా రెండు వేలు వేసి ఆరు వేలతో మొదలుపెట్టాం. ఆ ఆరు వేలు పోతే నెల రోజులు టీ మానేస్తాం, అంతకన్నా ఏం కాదు. మీ అంకె మీది. కానీ అది కాగితం మీద ఉండాలి. కాలేజీ ఫీజు కోసం ఇంట్లో ఇచ్చిన డబ్బు ఆ అంకెలోకి రాకూడదు. స్కాలర్‌షిప్ డబ్బు రాకూడదు, అది ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడు దాని మీద లెక్కలు వేసుకోవడం అసలే కూడదు. అమ్మ పుస్తెల గొలుసు బ్యాంకులో పెట్టించే ఆలోచన వస్తే, ఆ వ్యాపారం ఇప్పుడు చేయాల్సింది కాదు.

ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోవద్దు. వాటిలో చాలావాటికి మీ ఫోన్‌లోని నంబర్లన్నీ కావాలి. ఎందుకో అప్పు కట్టడం ఆలస్యమైన రోజు తెలుస్తుంది.

4. ఒక్క ప్యాకెట్ లెక్క

ఇక్కడ కాస్త ఆగండి. ఈ గైడ్‌లో ఒక్కటే చదువుతానంటే ఈ భాగం చదవండి.

మేం పావుకిలో ప్యాకెట్ 90 రూపాయలకు అమ్మాం. అంటే కిలోకు 360. కిలో సకినాలకు బియ్యం 60, నువ్వులు 40, వాము, ఉప్పు 5, నూనె 85. మొత్తం 190. కిలోకు 170 లాభం అని ముగ్గురం చప్పట్లు కొట్టుకున్నాం. నెలకు నలభై కిలోలు పోతున్నాయి. నెలకు 6,800! సెకండ్ హ్యాండ్ బైక్‌ల ధరలు కూడా చూశాం.

సెమిస్టర్ చివర పెద్దమ్మ ఫోన్ చేసి నెమ్మదిగా అడిగింది. "బిడ్డా, చుట్టినోళ్లకు ఏమన్న ఇస్తరా, ఇయ్యరా?" ఆమె అడిగేదాకా మాకు కూలి గుర్తు రాలేదు. మా ఇంటి ఆడవాళ్లే కదా అనుకున్నాం. సకినాలు చుట్టడం చూసినవాళ్లకు తెలుసు. నానబెట్టిన బియ్యం పిండి చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్య సన్నగా మెలితిప్పుతూ, బట్ట మీద ఒక్కో చుట్టు చుట్టాలి. తడి ఆరాక విరగకుండా ఎత్తి నూనెలో వేయాలి. నడుం పడిపోయే పని. ఆ రోజు కూర్చుని మళ్లీ లెక్క వేశాం.

కూలి కిలోకు 80. గ్యాస్ 20. కవర్లు, లేబుళ్లు ప్యాకెట్‌కు 4 చొప్పున 16. బస్సు పార్శిల్ 12. ఇవి 128. ముందువి 190. కలిపితే 318.

అక్కడితో అయిపోలేదు. సకినం పెళుసు. పరకాల నుంచి వచ్చేసరికి పది కిలోల్లో ఒక కిలో ముక్కలయ్యేది. ముక్కలు మేమే తినేవాళ్లం, లేదా అడిగిన ప్రతివాడికీ చేతిలో పోసేవాళ్లం. అంటే కిలోకు చేతికొచ్చేది 360 కాదు, 324. అందులోంచి 318 పోతే మిగిలేది ఆరు రూపాయలు. నలభై కిలోలకు నెలకు 240. నాలుగు నెలలకు 960. మా ముగ్గురి రాత్రుల ఖరీదు ఇది, మా కూలి వేసుకోకుండానే. అప్పుడు కూడా పెద్దమ్మ వాళ్లకు నాలుగు నెలల బాకీ ఉన్నాం.

తర్వాత ఏం చేశామంటే, ధర 110 చేశాం. కవర్ బదులు గట్టి ప్లాస్టిక్ డబ్బా పెట్టాం. ప్యాకింగ్ ఖర్చు కిలోకు 16 పెరిగి మొత్తం 334 అయింది, కానీ విరిగేవి ఇరవై కిలోల్లో ఒక కిలోకు తగ్గాయి. కిలోకు 440 వచ్చేచోట 418 చేతికొచ్చింది. మిగిలింది 84. ధర పెంచితే గిరాకీ పోతుందని భయపడ్డాం. కొందరు గొణిగారు. మానేసినవాళ్లు ముగ్గురో నలుగురో.

మీ సరుకు ఏదైనా ఇలాగే ఒక్క ముక్కకు లెక్క వేయండి. వస్తువులు, కూలి (మీ ఇంట్లోవాళ్లదైనా సరే), కరెంటు లేదా గ్యాస్, కవర్, రవాణా, పాడయ్యేది, తిరిగి వచ్చేది. పెట్రోల్ మర్చిపోతారు. ఫోన్ రీఛార్జ్ మర్చిపోతారు. ప్రతిదీ తేదీతో రాయండి. మేం రాసింది 60 రూపాయల లాంగ్ నోట్‌బుక్‌లో, యాప్‌లు కావాలంటే వాడుకోండి, కానీ రాత్రి పడుకునే ముందు రాయాలి. రేపు రాస్తానంటే చాయ్ డబ్బులు కూడా లెక్కలో కలిసిపోతాయి.

వ్యాపారానికి ఒక బ్యాంకు ఖాతా విడిగా ఉంచండి. జీరో బ్యాలెన్స్ సేవింగ్స్ ఖాతా అయినా మొదట్లో నడుస్తుంది. ఇంటి నుంచి వచ్చే డబ్బు, అమ్మకాల డబ్బు ఒకే ఫోన్‌పేలో పడితే నెలాఖరున ఏది ఏదో దేవుడికి కూడా తెలియదు.

5. ఉద్దెర

"అన్నా, రాస్కో." ఈ రెండు మాటలు మా వ్యాపారాన్ని సగం తినేశాయి.

హాస్టల్ వరండాలో డబ్బా పట్టుకుని వెళ్తుంటే గదుల్లోంచి చేతులు బయటికి వస్తాయి. రూమ్మేట్, క్లాస్‌మేట్, సీనియర్. ఒకడికి ఇచ్చి ఇంకొకడికి లేదనలేం. నోట్‌బుక్ వెనక పేజీల్లో రాస్తూ పోయాం. సెమిస్టర్ చివర కూడితే 43 పేర్లు, 5,140 రూపాయలు. పరీక్షలు అయిన సాయంత్రానికి సగం గదులకు తాళాలు. సెలవుల తర్వాత కొందరు గదులు మారారు, ఒకరిద్దరు మమ్మల్ని చూసి దారి కూడా మార్చారు. వసూలైంది 2,900. పోయింది 2,240. పైన చెప్పిన 960 పక్కన ఈ అంకె పెట్టి చూడండి.

డబ్బు కన్నా బాధ పెట్టింది ఇంకోటి. నూట ఎనభై రూపాయల కోసం ఒక మంచి స్నేహితుడు నాతో మాట్లాడటం తగ్గించాడు. అడిగితే నేను పిసినారిని, అడగకపోతే నాకు నష్టం. ఉద్దెర ఇచ్చిన రోజే ఆ స్నేహం మీద బరువు పెట్టాం.

రెండో సెమిస్టర్‌లో నియమం పెట్టాం. యూపీఐ మోత వినపడితేనే డబ్బా చేతికి. అందరికీ ఒకటే మాట, నవ్వుతూనే. మొదటి వారం తిట్టుకున్నారు, తర్వాత అలవాటైంది. ఒక్కరికి మినహాయింపు ఇచ్చాం, హాస్టల్ వాచ్‌మన్‌కు. ఆయన ప్రతి నెలా ఒకటో తారీఖున పిలిచి మరీ ఇచ్చేవాడు.

6. స్నేహితుడితో భాగం

ముగ్గురు కలిస్తే పని సులువు, లెక్క కష్టం. మొదటి రోజే ఒక కాగితం మీద ఈ నాలుగూ రాసుకోండి: ఎవరు ఎంత పెట్టారు, ఎవరు ఏ పని చేస్తారు, లాభం ఎలా పంచుకుంటారు, మధ్యలో ఒకరు వెళ్లిపోతే ఏం చేయాలి. నాలుగోది రాయడానికి అందరికీ మొహమాటం. కానీ కాలేజీ వ్యాపారంలో తప్పకుండా జరిగేది అదే. ఒకడికి ప్లేస్‌మెంట్ వస్తుంది, ఒకడు గేట్ కోచింగ్‌కు పోతాడు, ఒకడు గ్రూప్స్ అంటాడు. మాలో ఒకడు మూడో ఏడాది చివర వెళ్లిపోయాడు. కాగితం లేదు. తాను వేసిన రెండు వేలు ఇమ్మన్నాడు, మిగతావాడు అతను తిన్న సకినాల లెక్క తీశాడు. నవ్వులాటగా మొదలై రెండు రోజులు మాటల్లేవు.

సమానంగా పంచుకోవడం న్యాయంగా కనిపిస్తుంది కానీ అన్నిసార్లూ కాదు. రాత్రుళ్లు ప్యాకెట్లు కట్టేవాడికి, ఆదివారం వచ్చి పోయేవాడికి ఒకే వాటా అయితే కట్టేవాడు నాలుగు వారాల్లో విసిగిపోతాడు. పనికి ముందు కొంత కూలి వేసి, మిగిలింది పెట్టుబడి ప్రకారం పంచుకుంటే గొడవ తగ్గుతుంది.

చట్టం మాట కూడా వినండి. ఒప్పందం చేసుకోవాలంటే 18 ఏళ్లు నిండాలి. ఇంటర్ తమ్ముళ్లు భాగస్వాములుగా సంతకం చేయలేరు. భాగస్వామ్య సంస్థలకు 1932 నాటి చట్టం ఉంది. సంస్థను రిజిస్టర్ చేయకపోయినా నడపొచ్చు, కానీ డబ్బు ఎగ్గొట్టినవాడి మీద ఆ సంస్థ పేరుతో దావా వేయడం కుదరదు. అంతకన్నా పెద్ద సంగతి, భాగస్వామ్యంలో ఒకడు చేసిన అప్పుకు మిగతావాళ్లు కూడా బాధ్యులే. అప్పులు, బయటి పెట్టుబడి వచ్చే స్థాయికి వెళ్తే ఎల్‌ఎల్‌పీ (భాగస్వాముల బాధ్యత వాళ్ల పెట్టుబడి దాకానే ఉండే సంస్థ) లేదా ప్రైవేట్ లిమిటెడ్ గురించి ఒక సీఏను కలవండి. రెండు వేల పెట్టుబడికి కంపెనీ పెడితే ఏటా ఆడిటర్ ఫీజుకే మీ లాభం చాలదు.

7. క్యాలెండర్ గోడకు తగిలించండి

రెండు క్యాలెండర్లు కావాలి. ఒకటి కాలేజీది: మిడ్ పరీక్షలు, సెమిస్టర్ పరీక్షలు, సెలవులు, ల్యాబ్ ఇంటర్నల్స్. మిడ్స్ ముందు వారం తిండి అమ్మకాలు పెరుగుతాయి, చివరి పరీక్ష రోజు సున్నా. ఇది తెలియక మేం సెలవులకు రెండు రోజుల ముందు పన్నెండు కిలోలు తెప్పించాం. హాస్టల్ ఖాళీ. సెలవులయ్యాక డబ్బా మూత తీస్తే పాత నూనె వాసన. మొత్తం పారబోశాం.

ఇంకోటి మన ఊళ్ల క్యాలెండర్. సంక్రాంతి, బతుకమ్మ, దసరా. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర 2024లో ఫిబ్రవరిలో వచ్చింది, 2026లో జనవరి చివర వచ్చింది. మాఘ పౌర్ణమిని బట్టి తేదీ మారుతుంది కాబట్టి చూసుకోవాలి. జాతరలో ఒక్కసారే సంపాదించేద్దామని నీళ్ల బాటిళ్లు, బెల్లం, టోపీలు పట్టుకుని వెళ్లే విద్యార్థులు ఉంటారు. చోటు, రవాణా, కుటుంబాలతో ఏళ్ల తరబడి అక్కడ అమ్మేవాళ్లతో పోటీ, ఇవన్నీ చూసుకుని వెళ్లండి. మొదటిసారి అమ్మడానికి కాకుండా చూడటానికి వెళ్తే నయం.

హాజరు 75 శాతం ఉండాలి. జేఎన్టీయూ కాలేజీల్లో సరైన కారణం చూపి ఫీజు కడితే 65 దాకా మన్నిస్తారు, అంతకన్నా తగ్గితే సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. స్వయంప్రతిపత్తి కాలేజీల్లో వాళ్ల నిబంధన చదువుకోండి. కండొనేషన్ ఫీజు కూడా వ్యాపార ఖర్చే, నోట్‌బుక్‌లో రాయండి. నేను రాశాను.

8. కాగితాలు ఎప్పుడు, ఏవి

మొదటి పది మంది కొనేదాకా ఏ రిజిస్ట్రేషన్ గురించీ బెంగ పెట్టుకోవద్దు. ఒక్క తిండి వ్యాపారానికి మాత్రం మినహాయింపు. తినేది అమ్మేముందే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించాలి. ఆ సంస్థ ఫోస్‌కోస్ పోర్టల్‌లో మీరే చేసుకోవచ్చు, చిన్న వ్యాపారానికి ఖర్చు తక్కువ. 14 అంకెల నంబర్ వస్తుంది, అది ప్యాకెట్ మీద ఉండాలి. ప్యాకెట్ మీద తయారైన తేదీ, ఎన్నాళ్లు బాగుంటుంది, బరువు, ఎంఆర్‌పీ, మీ చిరునామా, ఫిర్యాదుకు నంబర్ కూడా ఉండాలి. తూకం వేసే కాంటాకు తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉండాలి. మా మొదటి లేబుల్ మీద సకినాల బొమ్మ చాలా అందంగా ఉండేది, తేదీ మాత్రం లేదు.

చిన్న వ్యాపారాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. ఆధార్‌తో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. దీనికి డబ్బు అడిగే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, చివర గవ్ డాట్ ఇన్ ఉన్నదే అసలుది. బ్యాంకులో కరెంట్ ఖాతా తెరవడానికి, తర్వాత లోన్‌కు ఇది పనికొస్తుంది. షాపు పెడితే కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్ కావాలి.

జీఎస్టీ దగ్గర మన రాష్ట్రం వాళ్లు పొరపాటు పడుతుంటారు. సరుకు అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకాలు 40 లక్షల దాకా జీఎస్టీ అక్కర్లేదని వీడియోల్లో చెప్తారు. అది చాలా రాష్ట్రాల్లో నిజం. తెలంగాణ ఆ పెంపు తీసుకోలేదు, మనకు సరుకులకైనా సేవలకైనా 20 లక్షలే. ఇంకో మెలిక, సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే మామూలుగా మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి, హస్తకళల వస్తువులకు కొంత వెసులుబాటు ఉంది. కొత్తవాడ డర్రీలు బెంగళూరుకు పంపే ఆలోచన ఉంటే ముందు సీఏను అడగండి. రిజిస్ట్రేషన్ తీసుకున్నాక ఒక్క రూపాయి అమ్మకపోయినా రిటర్న్ వేయాల్సిందే, లేకపోతే ఆలస్య రుసుము పడుతుంది. తొందరపడి తీసుకోవద్దని చెప్పేది అందుకే.

9. కాలేజీని, చుట్టుపక్కల ఉన్నవాళ్లను వాడుకోండి

2019లో కేంద్ర విద్యాశాఖ విద్యార్థులు, అధ్యాపకుల కోసం స్టార్టప్ పాలసీ తెచ్చింది. దాని ప్రకారం కాలేజీలు కోరుకుంటే మీ స్టార్టప్ పనిని మినీ ప్రాజెక్టుగా, ఇంటర్న్‌షిప్‌గా లెక్కించవచ్చు, హాజరులో సడలింపు ఇవ్వొచ్చు. "ఇవ్వొచ్చు" అన్న మాట చూడండి. అడగకపోతే ఎవరూ ఇవ్వరు. మీ కాలేజీలో ఇన్‌స్టిట్యూషన్ ఇన్నోవేషన్ కౌన్సిల్ ఉందో కనుక్కుని, దాని బాధ్యత చూసే సార్‌ను కలవండి. ఖాళీ చేతులతో వెళ్లొద్దు. అమ్మకాల నోట్‌బుక్, ఒక ప్యాకెట్ పట్టుకెళ్లండి. "సార్, సపోర్ట్ చేయండి" అంటే ఏం చేయాలో ఆయనకూ తెలియదు. "సార్, ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్టుగా దీన్ని తీసుకుంటారా? మా బ్రాంచ్ హెచ్‌ఓడీకి ఒక లెటర్ రాస్తారా?" అంటే పని అవుతుంది.

కాలేజీ ల్యాబ్, మిషన్లు బాగా వాడి ఏదైనా కొత్తది తయారుచేస్తే దాని మీద హక్కు ఎవరిదన్న మాట ముందే తేల్చుకోండి, కాగితం మీద. తర్వాత తేల్చుకోవడం కష్టం.

కొత్త సంస్థలకు చోటు, సలహా ఇచ్చేవి ఇంక్యుబేషన్ సెంటర్లు. వరంగల్‌లో ఎన్‌ఐటీ ఇంక్యుబేషన్ సెంటర్, హసన్‌పర్తి అనంతసాగర్‌లో ఎస్‌ఆర్‌ఐఎక్స్, కిట్స్‌లో ఇంక్యుబేషన్ విభాగం ఉన్నాయి. బయటి కాలేజీవాళ్లను తీసుకునే పిలుపులు ఎప్పుడెప్పుడు వస్తాయో ఫోన్ చేసి అడగండి. హైదరాబాద్‌లో ఇలాంటిదే, రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన టీ-హబ్ 2015 నుంచి ఉంది, ఆడపిల్లల కోసం 2018 నుంచి వీ హబ్ ఉంది. సకినాలకు టీ-హబ్ అక్కర్లేదు. సాఫ్ట్‌వేర్, పరికరాల మీద పనిచేస్తుంటే కాజీపేటలో రైలెక్కి ఒకసారి వెళ్లి రండి.

ఇంజనీరింగ్ చదివేవాళ్లు ఆలేరు చింతకింది మల్లేశం గారి పని తెలుసుకోవాలి. తల్లి ఆసు పోయలేక (చీర నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పే పని) భుజం నొప్పితో బాధపడటం చూసి, బడి మధ్యలో మానేసిన ఆయన ఏళ్ల తరబడి ఒక్కో భాగం చేస్తూ 1999లో లక్ష్మీ ఆసు యంత్రాన్ని పూర్తి చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మొదటి కస్టమర్ ఇంట్లోనే ఉంది, ఆమె నొప్పి ఆయనకు ప్రతిరోజూ కనిపించింది. మీ మిషన్ వాడేవాళ్లు మీకు ఎంత దగ్గర్లో ఉన్నారో చూసుకోండి.

10. బ్యాంకు లోన్

చేతి డబ్బుతో ఆరు నెలలు నడిచి, ఒక్క ప్యాకెట్ లెక్క గట్టిగా నిలబడ్డాక దీని గురించి ఆలోచించండి. చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్ర లోన్‌లో శిశు విభాగం 50 వేల దాకా, పూచీకత్తు అక్కర్లేదు. బ్యాంకులో అడిగేది మీ కొటేషన్లు, ఖాతా నడిచిన తీరు. ఆరు నెలల యూపీఐ స్టేట్‌మెంట్, నోట్‌బుక్ రెండూ పట్టుకెళ్లండి. కేంద్రం స్వయం ఉపాధి పథకం పీఎంఈజీపీ 18 దాటినవాళ్లకు వస్తుంది, సబ్సిడీ ఉంటుంది, కానీ చిన్న యూనిట్ పెట్టే ఆలోచన ఉన్నవాళ్లకే. సబ్సిడీ ఇప్పిస్తా, ఇంత ఇవ్వు అనేవాడు ఎదురైతే అక్కడి నుంచి లేచి రండి.

11. ఇంట్లో ఎప్పుడు చెప్పాలి

మొదటి రోజే చెప్పనక్కర్లేదు, దాచాల్సిన పని కూడా లేదు. నేను మూడో నెలలో చెప్పాను. నాన్న ఒకటే అడిగాడు: "బ్యాక్‌లాగ్స్ ఎన్ని?" ఒకటి అన్నాను. "అది రాసినంక మాట్లాడుదాం" అన్నాడు. నవంబర్‌లో సప్లిమెంటరీ రాసి పాసై వెళ్లి చెప్తే, పొలం దగ్గర నువ్వుల ధర ఎంతుందో చెప్పడం మొదలుపెట్టాడు. మేం కిలో నువ్వులకు ఎంత ఎక్కువ పెడుతున్నామో అప్పుడే తెలిసింది.

12. మూసేటప్పుడు

ఫైనల్ ఇయర్‌లో చాలా వ్యాపారాలు ఆగిపోతాయి. ఆగిపోవడం తప్పు కాదు, మూసే పని వదిలేయడం తప్పు. మొదట చుట్టినవాళ్ల కూలి, పార్శిల్ బాకీ, నూనె కొట్టు బాకీ తీర్చండి. తీసుకున్న అడ్వాన్సులు తిరిగి పంపండి. జీఎస్టీ ఉంటే రద్దుకు దరఖాస్తు చేసి చివరి రిటర్న్ వేయండి. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ సరెండర్ చేయండి. మీ పేరు మీద ఉన్న క్యూఆర్ స్టిక్కర్లు గోడల మీద నుంచి పీకేయండి, కొత్తవాళ్లు ఎవరో దానికి డబ్బు పంపుతూనే ఉంటారు. జూనియర్లు ఎవరైనా నడుపుతామంటే పేరు ఊరికే ఇవ్వొద్దు, సరుకు ఇచ్చేవాళ్లకు పరిచయం చేసి, ఎవరు ఎంతకు తీసుకున్నారో రాసుకోండి.

మేం కాంటా తొమ్మిది వందలకు ఒక జూనియర్‌కు అమ్మాం. అతను పెద్దమ్మ నంబర్ కూడా తీసుకున్నాడు. తేదీ లేని పాత లేబుళ్లు రెండు కట్టలు ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉన్నాయి, అమ్మ వాటి వెనకవైపు కిరాణం లిస్టు రాస్తుంది.